ముందు లెక్కల పుస్తకం, తర్వాతే విజన్: సంఘ నిర్వహణలో వ్యాపార ఆలోచనను వాడుకోవడం ఎలా?

"దేవుని పనికి మేనేజ్‌మెంట్ ఎందుకండీ?" అని ప్రతి క్రైస్తవ సంఘ కమిటీలోనూ ఎవరో ఒక పెద్దాయన అడుగుతారు. అడగాల్సిందే. మేనేజ్‌మెంట్ పేరుతో ఇప్పటిదాకా సంఘాల్లోకి వచ్చినవి చాలావరకు లోగోలు, ఫ్లెక్సీలు, "విజన్ 2030" బ్యానర్లు, పాస్టర్‌గారికి కొత్త బిరుదులు. పదేళ్లుగా కొట్టు నిలబెట్టుకున్న కిరాణా వ్యాపారి వీటిలో ఏదీ చేయడు. రాత్రి షట్టర్ దించే ముందు గల్లా లెక్క చూసుకుంటాడు. కదలని సరుకును మళ్లీ తెప్పించడు. తను ఊరెళ్తే కొట్టు ఎవరు చూస్తారో ముందే అనుకుంటాడు. వ్యాపారం దగ్గర సంఘం నేర్చుకోవాల్సినవి ముఖ్యంగా ఈ మూడు అలవాట్లే.

ఇవి బైబిలుకు కొత్తవీ కావు. నిర్గమకాండము 18లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పులు చెబుతూ అలసిపోతున్న మోషేకు మామ యిత్రో చెప్పింది పని పంచుకోమనే: వెయ్యిమందికి ఒకరు, వందకు ఒకరు, యాభైకి ఒకరు, పదిమందికి ఒకరు. అపొస్తలుల కార్యములు 6లో భోజనాల పంపకం దగ్గర తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని ఒక వర్గం సణిగితే, ఆ పని కోసమే ఏడుగురిని ఎన్నుకున్నారు. 2 కొరింథీ 8లో పౌలు చందా డబ్బు తీసుకెళ్లేటప్పుడు ఎవరూ వేలెత్తి చూపకుండా పక్కన మరికొందరిని పెట్టుకున్నాడు. పెద్దాయనకు ముందు ఈ మూడు భాగాలు చదివి వినిపించండి. సగం వాదన అక్కడే తీరిపోతుంది.

వంద నుంచి మూడు వందల మంది వరకు ఉన్న సంఘాన్ని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాశాను. ట్రస్టు, యువజన సంఘం, కాలనీ సంక్షేమ సంఘం, విదేశాల్లోని తెలుగు అసోసియేషన్ నడిపేవాళ్లకు కూడా చాలావరకు ఇదే దారి పనికొస్తుంది.

మెట్టు 1: డబ్బు ఒక్క చేతిలో ఉండకూడదు

చాలామంది విజన్ మీటింగ్‌తో మొదలుపెడతారు. మీరు కానుక సంచి దగ్గర మొదలుపెట్టండి. లెక్క మీద నమ్మకం లేని చోట ఏ ప్రణాళిక చెప్పినా జనం తల ఊపి ఇంటికెళ్లిపోతారు.

ఆదివారం ఆరాధన ముగిసింది, సంచులు లోపలి గదిలోకి వచ్చాయి. చాలా చోట్ల ఇక్కడ జరిగేది ఇదీ: ట్రెజరర్‌గారు ఒక్కరే లెక్కపెడతారు. అందులోంచే సౌండ్ అబ్బాయికి ఐదు వందలు, భోజనాలకు రెండు వేలు తీసి ఇచ్చేస్తారు. మిగిలింది జేబు డైరీలో రాసుకుంటారు. ఆయన నిజాయితీపరుడే కావచ్చు. కానీ రేపు ఎవరైనా నోరు జారితే తన నిజాయితీకి చూపించడానికి ఆయన దగ్గర ఒక్క కాగితం ఉండదు. కాబట్టి ఈ పద్ధతి ముందుగా కాపాడేది ట్రెజరర్‌నే.

పద్ధతి ఇలా పెట్టుకోండి. లెక్కపెట్టడానికి ప్రతి వారం ఇద్దరు ఉండాలి. వాళ్లు ఒకే కుటుంబం వాళ్లు కాకూడదు, ట్రెజరర్ ఆ ఇద్దరిలో ఉండకూడదు, నెలనెలా జోడీ మారాలి. ఐదు వందల నోట్లు ఎన్ని, రెండు వందలవి ఎన్ని, చిల్లర ఎంత, దశమభాగం కవర్లు ఎన్ని అని ఒక స్లిప్పు మీద రెండు కాపీలు రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకటి ట్రెజరర్‌కు, ఒకటి సెక్రటరీ ఫైలుకు. సోమవారం మొత్తం డబ్బు, పైసా తీయకుండా, బ్యాంకులో పడాలి. బ్యాంకు రశీదును ఆ స్లిప్పుకే పిన్ చేయాలి. చిన్న ఖర్చులకు విడిగా మూడు నాలుగు వేలు ఒక డబ్బాలో ఉంచి, ప్రతిదానికీ వోచర్ రాయండి.

ఇప్పుడు సంచి కంటే పెద్ద సమస్య క్యూఆర్ కోడ్. గోడ మీద అంటించిన ఆ కోడ్ స్కాన్ చేస్తే ఎవరి పేరు వస్తోందో ఈ ఆదివారమే చూడండి. పాస్టర్‌గారి పేరో, ఆయన అబ్బాయి పేరో వస్తుంటే ముందు ఆ కాగితం తీసేయండి. సంఘం పేరున ఖాతా తెరవాలంటే సంఘానికి చట్టపరమైన ఉనికి ఉండాలి. తెలుగు రాష్ట్రాల్లో 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీగా నమోదు కావచ్చు, లేదా ట్రస్టు డీడ్ రాసుకోవచ్చు. స్థలం, మందిరం ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా ఇప్పుడే తేల్చండి. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటి పాత సంఘాలకు ఆస్తుల కోసం ప్రత్యేకంగా ట్రస్ట్ అసోసియేషన్ ఉంది. స్వతంత్ర సంఘాల్లో మాత్రం స్థలం తరచుగా వ్యవస్థాపకుడి పేరునే ఉండిపోతుంది. ఆయన ఉన్నన్నాళ్లూ అదొక సమస్యలా కనిపించదు. ఆయన పోయాక వారసుల దగ్గర, ఆ తర్వాత కోర్టులో కనిపిస్తుంది. వకీలును, చార్టర్డ్ అకౌంటెంట్‌ను ఒక్కసారైనా కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

ఖర్చుకు కూడా హద్దులు రాసుకోండి. ఉదాహరణకు ఐదు వేల దాకా ట్రెజరర్ సంతకం చాలు, పాతిక వేల దాకా ఇద్దరివి, అది దాటితే కమిటీ తీర్మానం మినిట్స్‌లో ఎక్కాలి. అంకెలు మీ ఆదాయాన్ని బట్టి మార్చుకోండి. హద్దంటూ ఉండటం ముఖ్యం.

చివరగా ప్రతి నెలా మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద ఒక్క పేజీ లెక్క: నెల మొదట్లో ఎంత ఉంది, ఎంత వచ్చింది, దేనికెంత పోయింది, ఎంత మిగిలింది. ఎవరెంత ఇచ్చారన్నది అందులో ఉండకూడదు. దాతల పేర్లు, అంకెలు మైకులో చదివే అలవాటు ఉంటే దాన్నీ ఆపండి. వంద రూపాయలు ఇచ్చే కూలి మనిషి ఆ మైకు దగ్గరే చిన్నబోతుంది.

ఇదంతా కుదుటపడటానికి మూడు నెలలు పట్టవచ్చు. అంతవరకు రెండో మెట్టు జోలికి వెళ్లకండి.

మెట్టు 2: ఇరవై ఇళ్ల తలుపు తట్టండి

వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ డ్రకర్ పెద్ద పెద్ద కంపెనీలకు సలహాలిచ్చిన మనిషి. ఆయన సేవా సంస్థల కోసం, చర్చిల కోసం కూడా చాలా సమయం పెట్టారు. ఒక సంస్థ తనను తాను అడగాల్సిన ప్రశ్నలు ఐదని ఆయన చెప్పేవారు: మనం ఉన్నది దేనికి? మన కస్టమర్ ఎవరు? ఆ మనిషికి ఏది విలువైనది? మన ఫలితాలేమిటి? మన ప్రణాళిక ఏమిటి? "కస్టమర్" అంటే సంఘంలో ముల్లులా గుచ్చుకుంటుంది. మన పనివల్ల ఎవరి బతుకు మారాలో ఆ మనిషి అని చదువుకోండి, చాలు.

మొదటి రెండు ప్రశ్నలకు కమిటీ గదిలోనే జవాబు దొరికినట్టు ఉంటుంది. మూడోదానికి మాత్రం బయటికి వెళ్లాల్సిందే. కమిటీవాళ్లు ఇద్దరిద్దరుగా రెండు వారాల్లో ఇరవై ఇళ్లకు వెళ్లండి. పాతకాపులు ఐదు ఇళ్లు, ఈ మధ్య చేరినవాళ్లు ఐదు, రావడం మానేసినవాళ్లు ఐదు, మందిరం చుట్టుపక్కల ఉంటూ ఎప్పుడూ రానివాళ్లు ఐదు. పాస్టర్‌గారు ఈ విజిట్లకు రాకూడదు. ఆయన ఎదురుగా ఉంటే ఎవరైనా "అంతా బాగుంది అయ్యగారూ" అనే అంటారు, టీ ఇచ్చి పంపిస్తారు.

మూడే ప్రశ్నలు. ఈ ఏడాదిలో సంఘం మీకు ఎప్పుడు ఆసరాగా నిలిచింది? ఎప్పుడు ఉంటే బాగుండేది, లేదు? మీ ఇంట్లో ఇప్పుడు అన్నిటికంటే టెన్షన్ పెడుతున్నది ఏమిటి? ప్రార్థన చేసి బయటికొచ్చాక వాళ్లన్న మాటలను వాళ్ల మాటల్లోనే రాసుకోండి. "మామయ్య ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు, ఒక్కరు రాలేదు" అన్నదాన్ని "సందర్శన పరిచర్య బలహీనంగా ఉంది" అని మార్చి రాశారంటే విన్నదంతా వృథా.

వినొచ్చాక సంఘం దేనికి ఉందో ఒక్క వాక్యంలో రాయండి. "సర్వలోకానికి వెలుగుగా ఉండుట" అనేది మంచి మాటే, కానీ ఏ ఊరి సంఘమైనా రాసుకోవచ్చు. "మా పేటలోని రోజుకూలీ కుటుంబాలు వాక్యంలో ఎదగాలి, వాళ్ల పిల్లల్లో ఎవరూ పదో తరగతి దగ్గర చదువు ఆపకూడదు" అన్నది ఒక సంఘం రాసుకున్నదని ఊహించండి. పక్క వీధి సంఘం గోడ మీద పెడితే అతకదు. మీ వాక్యానికీ అదే పరీక్ష పెట్టండి.

మెట్టు 3: ఏదో ఒకటి ఆపండి

ఒక చార్టు మీద సంఘం ఏడాదిలో చేసేవన్నీ రాయండి: ఆదివారం ఆరాధన, సండే స్కూల్, స్త్రీల కూడిక, యవ్వనస్థుల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, గృహకూడికలు, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు తరగతులు), సువార్త సభలు, కోత పండుగ, క్రిస్మస్ కార్యక్రమాలు, యూట్యూబ్ లైవ్. ప్రతిదాని ఎదురుగా ఎవరికోసం, ఎంత ఖర్చు, ఎంతమంది ఎన్ని గంటలు పెడుతున్నారు అని నింపండి. తర్వాత డ్రకర్ మార్కు ప్రశ్న ఒకటి అడగండి: ఇది ఇప్పటిదాకా మనం చేయనిదై ఉంటే, ఈరోజు కొత్తగా మొదలుపెడతామా?

చాలా చోట్ల ఈ ప్రశ్న దగ్గర మొదట ఇరుక్కునేవి మూడు రోజుల సువార్త సభలు. షామియానా, లైటింగ్, సౌండ్, బయటి ప్రసంగీకుడి ప్రయాణం, ఫ్లెక్సీలు, మూడు రాత్రుల భోజనాలు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పక్క ఊళ్ల విశ్వాసులే. అయినా ఆపడం తేలిక కాదు. ఆ సభలు ముప్పై ఏళ్ల కిందట ఎవరో పెద్దాయన మొదలుపెట్టినవి అయ్యుంటాయి, వాళ్ల కుటుంబం ముందు వరుసలోనే కూర్చుంటుంది. అందుకే "రద్దు" అనకండి. "ఈ ఒక్క ఏడాది ఆపి, ఆ డబ్బుతో ఫలానా పని చేసి చూద్దాం, వచ్చే ఏడాది అందరం కూర్చుని నిర్ణయిద్దాం" అనండి. ఆ కుటుంబం ఇంటికి ముందే వెళ్లి చెప్పండి, మీటింగ్‌లో వాళ్లకు తొలిసారి తెలియకూడదు.

ఒకటి ఆపకుండా కొత్తది ఏదీ మొదలుపెట్టకూడదని కమిటీలో తీర్మానం చేసుకుంటే ఇంకా మంచిది. ఏ పని మొదలైనా మళ్లీ అదే ఎనిమిది మంది పరిగెత్తాలి కదా.

మెట్టు 4: లెక్కించాల్సినవి ఏవి?

వ్యాపార ఆలోచన సంఘానికి ఎక్కువ చెరుపు చేసేది ఈ మెట్టు దగ్గరే. హాజరు, బాప్తిస్మాలు, సబ్‌స్క్రైబర్లు, కానుకల మొత్తం అన్నీ అంకెలు కాబట్టి చేతికి అందుతాయి. చేతికి అందుతాయి కాబట్టి అవే టార్గెట్లు అయిపోతాయి.

షికాగో శివార్లలోని విల్లో క్రీక్ చర్చి 1975లో మొదలై, అమెరికాలో పెద్ద చర్చిలకు ఒక నమూనాగా పేరు తెచ్చుకుంది. 2007లో వాళ్లే తమ సభ్యుల మీద చేసిన సర్వే ఫలితాలు బయటపెట్టారు. కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన మనిషి ఆత్మీయంగా ఎదుగుతున్నాడని చెప్పలేమని తేలింది. అంతకాలం కార్యక్రమాలే కొలబద్దగా నడిపిన సంస్థ ఆ మాట బహిరంగంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మన నేల మీద దీనికి ఇంకా మంచి ఉదాహరణ ఒంగోలు. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి పని చూపించాడు. తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. జనం వేలల్లో ఉన్నారు, బాప్తిస్మం ఇవ్వమని అడుగుతున్నారు. సంఖ్యలే కావాలనుకుంటే అంతకు మించిన అదను దొరకదు. కానీ అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని కరువు పని జరుగుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ సాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకె గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం దానికి ముందు ఆగిన నెలలే గొప్పగా అనిపిస్తాయి.

మీ సంఘానికి నాలుగు లెక్కలు చాలు. వరసగా నాలుగు ఆదివారాలు రానివాళ్లలో ఎంతమంది ఇంటికి ఎవరైనా వెళ్లారు? పాస్టర్ కుటుంబం కాక ఏదో ఒక పని తమదిగా చేస్తున్నవాళ్లు ఎంతమంది? ఎంత చిన్న మొత్తమైనా క్రమంగా ఇచ్చే కుటుంబాలు ఎన్ని? (మొత్తం పెరిగినా ఇచ్చే ఇళ్లు తగ్గుతుంటే సంఘం ఇద్దరు ముగ్గురు డబ్బున్నవాళ్ల చేతిలోకి పోతోందని అర్థం.) చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన పిల్లల్లో ఎంతమందితో సంబంధం నిలిచింది? ఈ నాలుగూ మూడు నెలలకోసారి చూస్తే సరిపోతుంది.

మనిషిని తెచ్చినందుకు బహుమతులు, పరిచారకుల మధ్య పోటీ పట్టికలు వద్దే వద్దు. సేల్స్ టీంలో అవి పనిచేస్తాయేమో. ఇక్కడ అబద్ధపు లెక్కలు పుట్టిస్తాయి.

మెట్టు 5: పదిమందికి ఒకరు, ప్రతి పనికీ ఇద్దరు

1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ అనుచరులకు మందిరం అప్పు తీర్చాల్సి వచ్చింది. ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి, పన్నెండు మందికి ఒకరు చొప్పున వెళ్లి వసూలు చేయాలి అన్నది ఒకాయన సలహా. వసూలుకు ఇంటింటికీ వెళ్లినవాళ్లకు ఎవరు జబ్బుపడ్డారో, ఎవరింట్లో గొడవో, ఎవరు తాగుతున్నారో తెలిసొచ్చింది. అప్పు కోసం పెట్టిన ఏర్పాటే మెథడిస్టుల "క్లాస్ మీటింగ్"గా మారి, ఆ ఉద్యమానికి వెన్నెముక అయింది. యిత్రో లెక్కకు ఇది ఎంత దగ్గరో చూడండి.

మీ సభ్యులనూ వీధుల వారీగా పదీ పన్నెండు ఇళ్ల చొప్పున పంచండి. ప్రతి గుంపుకూ ఒక బాధ్యురాలు లేదా బాధ్యుడు. వాళ్ల పని ప్రసంగం కాదు, ఎవరు ఎలా ఉన్నారో తెలుసుకోవడం. జబ్బు, చావు, ఫీజు, పెళ్లి కబుర్లు ముందు వాళ్లకు చేరాలి, వాళ్ల నుంచి పాస్టర్‌గారికి.

తర్వాత ట్రెజరర్, సెక్రటరీ, సండే స్కూల్ సూపరింటెండెంట్, క్వయర్ లీడర్, సౌండ్ చూసే అబ్బాయి, ఇలా ప్రతి బాధ్యతకూ అర పేజీ రాయండి: ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి, ఎన్నాళ్లు. మూడేళ్లకు మించి ఒకే కుర్చీలో వద్దు. ప్రతి కుర్చీ పక్కన నేర్చుకునే రెండో మనిషి మొదటి రోజు నుంచే ఉండాలి. "ఆయన తప్ప ఎవరూ చేయలేరు" అని పొగుడుతుంటాం. నిర్వహణ దృష్టితో చూస్తే అది ప్రమాద సూచన.

పాస్టర్‌గారి తర్వాత ఎవరు అన్నది కూడా ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడే మాట్లాడాలి. స్వతంత్ర సంఘాల్లో సాధారణంగా కొడుకో అల్లుడో వస్తారు. అందులో అర్హులు ఉండొచ్చు, ఉంటారు కూడా. కానీ ఆ అర్హత చూసింది ఎవరు? కుటుంబం బయటివాళ్లు ముగ్గురైనా కూర్చుని, రాసుకున్న ప్రమాణాలతో నిర్ణయిస్తే కొడుకు వచ్చినా గౌరవంగా వస్తాడు.

నాయకుడిని ప్రశ్నించలేని కమిటీ ఉన్నా లేనట్టే. ఇందాకటి విల్లో క్రీక్‌లోనే 2018లో వ్యవస్థాపక పాస్టర్ మీద లైంగిక ప్రవర్తనకు సంబంధించిన ఆరోపణలు వచ్చాయి. ఆయన వాటిని కాదన్నారు, అయినా పదవి నుంచి తప్పుకున్నారు. ఆరోపణలను తాము సరిగ్గా పట్టించుకోలేదని ఒప్పుకుంటూ కొన్ని నెలల్లో పెద్దల బోర్డు మొత్తం రాజీనామా చేసింది. వ్యూహంలో, నాయకత్వ శిక్షణలో ప్రపంచానికి పాఠాలు చెప్పిన చోటే ఇలా జరిగింది. అందుకని ఫిర్యాదు వస్తే పాస్టర్‌గారి ప్రమేయం లేకుండా వినేవాళ్లు ఎవరో ముందే రాసిపెట్టుకోండి. అందులో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. పిల్లలతో పనిచేసేవాళ్లు ఒంటరిగా గదిలో ఉండకూడదన్న నియమం కూడా ఇక్కడే రాయండి.

ఇంకొక మాట. కంపెనీల దగ్గర నేర్చుకుంటాం అంటూ జీతం సంగతి మర్చిపోవడం భలే తేలిక. పాస్టర్‌గారికి నెల మొదటి వారంలో నిర్ణీత జీతం, ఆరోగ్య బీమా, వారానికి ఒక సెలవు ఉన్నాయా? పాస్టరమ్మగారు స్త్రీల కూడిక, సండే స్కూల్, వచ్చేపోయేవాళ్లకు భోజనాలు అన్నీ చూస్తుంటే, ఆ పనికి కనీసం పేరైనా ఉందా?

మెట్టు 6: చాలా చేతుల నుంచి కొంచెం కొంచెం

ఒకే పెద్ద దాత మీద నడిచే సంఘానికి ఆ దాత మూడ్ మారితే కష్టకాలమే. డోర్నకల్ డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధి) 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. నిరుపేద గ్రామ సంఘాలు కూడా ఇవ్వడం నేర్చుకోవాలని ఆయన పట్టుబట్టేవారు. మిజోరంలో ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి వండే ముందు పిడికెడు బియ్యం విడిగా తీసిపెడుతున్నారు. వాటిని పోగుచేసి అమ్మిన డబ్బుతో పరిచర్య నడుస్తోంది. పిడికెడు బియ్యం పద్ధతి మన సంఘాలకూ తెలిసిందే. దాన్ని పేదరికపు గుర్తుగా చూసి వదిలేసిన చోట మళ్లీ మొదలుపెట్టవచ్చు.

విదేశీ డబ్బు విషయంలో మాత్రం జాగ్రత్త. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి లేకుండా తీసుకోకూడదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి, పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు, ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. అమెరికాలో ఉన్న మీ సంఘం అబ్బాయి భారత పాస్‌పోర్టుతోనే ఉండి, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. అతను అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే లెక్కకు వస్తుంది. ఈ తేడా తెలియక చాలామంది ఇబ్బందుల్లో పడతారు.

మందిర నిర్మాణం మీద ఉంటే లూకా 14లో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకునే మాట గుర్తుచేసుకోండి. మెదక్ కెథడ్రల్‌కే 1914 నుంచి 1924 దాకా పదేళ్లు పట్టింది. అప్పు తెచ్చి ఒకేసారి స్లాబ్ వేసే కంటే ఏడాదికో దశ పూర్తిచేయడం నయం. మూడు నెలల ఖర్చు ఎప్పుడూ బ్యాంకులో నిల్వ ఉండాలి, దాన్ని సిమెంటుకు వాడకూడదు.

మెట్టు 7: ఒక్క కాగితం ప్రణాళిక

పైన మీ ఒక్క వాక్యం. కింద ఈ ఏడాది చేసే మూడు పనులు, ఒక్కోదానికి బాధ్యుడు, డబ్బు, తేదీ. ఆ కింద ఆపిన పని పేరు. వెనక వైపు నాలుగు లెక్కలు. మూడు నెలలకోసారి గంటన్నర సమీక్ష, ముందు అంకెలు, తర్వాత మాటలు. తేదీలు పెట్టేటప్పుడు వరినాట్లు, మిరప కోతలు, ఇంటర్ పరీక్షలు చూసుకోండి.

పాస్టర్‌గారు ఒప్పుకోకపోతే?

ఎదురు తిరిగి గ్రూపు కట్టకండి, వాట్సాప్‌లో అసలే పెట్టకండి. మీ చేతిలో ఉన్న పనితోనే మొదలుపెట్టండి. మీరు ట్రెజరర్ అయితే "అయ్యగారూ, నా మీద రేపు మాట రాకూడదు, ఇద్దరితో లెక్కపెట్టిస్తాను" అని అడగండి. ఆయన మీద అనుమానంగా కాక మీకు రక్షణగా అడిగితే కాదనడం కష్టం. సండే స్కూల్ మీదైతే రెండో టీచర్‌ను తయారుచేయండి. యవ్వనస్థుల లీడర్ అయితే ఊరు దాటిన పిల్లల ఫోన్ నంబర్ల పట్టిక రాయండి. అదీ కుదరనివ్వక, లెక్క అడగడమే పాపమన్నట్టు మాట్లాడుతుంటే, మీ సంఘం ఏ డయాసిస్‌కో సమాఖ్యకో చెందినదైతే ఆ పెద్దలకు రాతపూర్వకంగా తెలియజేయండి. సొసైటీగా నమోదైన సంఘమైతే బైలాస్ చూసి, సభ్యుల సంతకాలతో సర్వసభ్య సమావేశం కోరండి.